సైరస్ అంటే నిజంగా సూర్యుడేనా?

కాకినాడ_కాజా
పిల్లల పేర్ల పుస్తకం ఏది తిరగేసినా సైరస్ అంటే సూర్యుడు అనే ఉంటోంది. తెలుగు బైబిల్లో కోరెషు, ఇరాన్‌లో కూరోష్, పార్సీల్లో సైరస్ అన్నీ ఒకటే, పారసీక సామ్రాజ్యం స్థాపించిన రాజు పేరు. ఈ సూర్యుడి కథ ఉత్తదేనని ఈమధ్య ఒకచోట చదివాను. తెలిసినవాళ్ళు చెప్పండి.

సికింద్రాబాదీ
ఉత్తదెందుకవుతుందండీ? పారసీకులు సూర్యుణ్ణి అలాగే పిలుస్తారని గ్రీకు రచయిత ప్లూటార్క్, పారసీక రాజు అర్తక్షయర్షుడి చరిత్రలో రాశాడు. అంతకుముందు క్టీసియస్ అనే గ్రీకువాడిదీ అదే మాట. ఆయన ఆ రాజాస్థానంలోనే వైద్యుడు. అక్కడ బతికినవాడి కంటే మనకెక్కువ తెలుసా? మా ఊరి పార్సీల్లో ఖుర్షీద్ అనే పేరూ ఉంది, అదీ సూర్యుడే. ఖుర్, కూర్ దగ్గరే కదా.

శబ్దమణి
ఇప్పటి చెవికి దగ్గరే. కానీ సూర్యుడికి సంస్కృతంలో ఉన్న మన ‘స్వర్’, పార్సీల మతగ్రంథం అవెస్తాలో ‘హ్వర్’. సింధు హిందూ అయినట్టే, స పోయి హ వచ్చింది. ఆ ‘హ్వ’ కాస్తా ‘ఖ్వ’, ‘ఖు’ అయింది చాలా తర్వాత. క్రీ.పూ. 520 ప్రాంతంలో పారసీక చక్రవర్తి డరియస్ ఇరాన్‌లో చెక్కించిన బెహిస్తూన్ శాసనంలో, మధ్య ఆసియాలోని ఖ్వారజ్మ్ దేశం పేరు ‘ఉవారజ్మి’. ఖకారం జాడే లేదు, ‘హ్వ’నే ‘ఉవ’ అని రాశారు. అదే శాసనంలో సైరస్ పేరు ‘కు’తో మొదలవుతుంది. సూర్యుడే అయితే ‘ఉవ’ అని ఉండాలి.

క్టీసియస్ అన్నీ కట్టుకథలు పోగేశాడని ఎవరన్నారో తెలుసా? మీరు చెప్పిన ప్లూటార్కే, ఆ పుస్తకం మొదట్లోనే.

కురుక్షేత్రం_ఎక్స్‌ప్రెస్
మీరంతా ఎదురుగా ఉన్నది వదిలేస్తున్నారు బ్రదర్స్. ప్రాచీన పారసీక శాసనాల్లో ఈ పేరు ‘కురుష్’. చివరి ‘ష్’ ప్రథమా విభక్తి, మన ‘కురుః’లో విసర్గ లాంటిది. అది తీసేస్తే మిగిలేది కురు! కౌరవుల కురు. ఇంకేం కావాలి?

మట్టిపలక
విభక్తి సంగతి ఒప్పుకుంటాను, అది నిజమే. కానీ ఆ లిపిలో హ్రస్వ ఉకారానికీ దీర్ఘానికీ తేడా చూపరు. గ్రీకులు మాత్రం ‘కూరొస్’ అని దీర్ఘంతోనే పలికారు. మన కురు హ్రస్వం. వినడానికి ఒకేలా ఉన్నాయని చుట్టరికం కలిపేస్తే ఎలా?

అసలు నా పేచీ వేరే. ఈ పేరు పారసీకమేనా అని. 1879లో బాబిలోన్‌లో దొరికిన మట్టి స్తూపిక మీద (సైరస్ సిలిండర్ అంటారు, బ్రిటిష్ మ్యూజియం సొత్తు, 2013-14లో ముంబైలో కూడా ప్రదర్శించారు) ఈయన తనను ‘అన్షాన్ రాజు’ అని చెప్పుకున్నాడు. అన్షాన్ ఎలామీయుల (పారసీకులకంటే ముందునుంచీ నైరుతి ఇరాన్‌లో ఉన్నవాళ్ళు) ప్రాచీన నగరం. ఎలామీయంలో, బాబిలోనియన్‌లో ఈ పేరు ‘కురష్’, రెండో అచ్చు అకారం. డరియస్ పేరులోని ఉకారాన్ని నిలబెట్టిన ఎలామీయ లేఖకులు ఇక్కడ మాత్రం ఎందుకు మార్చారు? ఇది ఎలామీయ పేరేననీ, ‘ఆదరణ చూపేవాడు’ లాంటి అర్థమనీ కొందరు పండితులు అంటారు. నా ఓటు దానికే.

సికింద్రాబాదీ
గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబోని మర్చిపోయారు. సైరస్ అసలు పేరు అగ్రదాతస్ అట, తన రాజధాని పసర్గదే దగ్గర పారే కూరస్ నది పేరు తనకి పెట్టుకున్నాడట. సూర్యుడు కాకపోతే నదే అవనివ్వండి.

మట్టిపలక
అదే స్తూపికలో తన తాత పేరూ కురషే అని ఆయనే చెప్పుకున్నాడండీ. తాత పేరు మనవడికి పెట్టడం మనకేమన్నా కొత్తా? పుట్టకముందే ఇంట్లో ఉన్న పేరు నదినుంచి తెచ్చుకోవడం ఎందుకు?

శబ్దమణి
తాత మాట బాగుంది. అయినా ఎలామీయ పక్షానికి నేను లొంగను. హాఫ్‌మన్ అనే జర్మన్ పండితుడు ఇరానీ ధాతువుతోనే అర్థం చెప్పాడు: ‘మాటల పోటీలో శత్రువుని చిన్నబుచ్చేవాడు’ అని. వాగ్వాదంలో గెలవడం వేదకాలంలో వీరుడి లక్షణమే కాబట్టి రాజుకి తగిన పేరు. పరాయి లేఖకుల స్పెల్లింగ్ మీద ఇంత బరువు మోపడం నాకు నచ్చదు. మన ఊళ్ళ పేర్లని దొరలు ఎలా రాశారో చూశాంగా!

మట్టిపలక
దొరలు నిన్నగాక మొన్న వచ్చారు. ఎలామీయులు వందల ఏళ్ళు పారసీకుల పక్కనే బతికారు, పారసీక రాజధాని పెర్సెపోలిస్‌లో పద్దులు రాసిందీ వాళ్ళ భాషలోనే. పైగా ‘తేఇస్పెస్ కొడుకు, అన్షాన్‌వాడు కురష్’ అని ఆ తాత ముద్ర మీద ఉన్నదీ ఎలామీయమే. సొంత ముద్ర మీద పేరు తప్పు రాయించుకుంటాడా?

కాకినాడ_కాజా
అందరికీ థాంక్స్. పార్సీ ఫ్రెండ్ కొడుకు పేరిది, బారసాలకి కార్డు మీద ‘సూర్యుడిలా వెలుగు’ అని రాద్దామనుకున్నా. ఇప్పుడేం రాయను?

సికింద్రాబాదీ
అదే రాయండి. వాళ్ళింట్లో ఎవరూ హాఫ్‌మన్‌ని అడగరు.

కురుక్షేత్రం_ఎక్స్‌ప్రెస్
మరి సైరస్ రాజు కొడుకు పేరు కంబూజియ. మన కాంబోజులు! దీని గురించి ఒక్కరూ నోరెత్తరేం?

శబ్దమణి
దానికి వేరే చర్చ మొదలుపెట్టండి. పాణిని ‘కంబోజాల్లుక్’ సూత్రం కూడా పట్టుకురండి, నేనూ వస్తాను.