అప్‌డేట్: మిలిటరీ బ్రాస్ (ఇత్తడి తూటా షెల్స్) ఏమైందంటే

సైన్యం ఒకసారి పేల్చిన 7.62 నాటో తూటాల ఖాళీ షెల్స్ టెక్సస్‌లో చవగ్గా దొరికాయి, మళ్లీ మందు, గుండు నింపుకోవడానికి పనికొస్తాయా అని అడిగాను కదా. పనికొస్తున్నాయి, అన్నీ కాదు.

ముందు అడుగున ఉన్న ముద్రలు చూసి విడదీశాను. ఎక్కువ భాగం అమెరికా సైన్యానికి తూటాలు చేసే లేక్ సిటీ ఫ్యాక్టరీవే: ‘ఎల్‌సీ’ అక్షరాలు, తయారైన ఏడాది చివరి రెండు అంకెలు, వలయంలో శిలువలాంటి నాటో గుర్తు. లోపల టార్చ్ వేసి చూస్తే కొన్నిటికి రెండు చిన్న రంధ్రాలున్నాయి. అవి బెర్డాన్ రకం, మధ్యలో ఒకే రంధ్రం ఉండవు కాబట్టి డీక్యాపింగ్ పిన్నును (పాత ప్రైమర్‌ను, అంటే మందును అంటించే చిన్న మూతను, బయటికి నెట్టే సూదిని) విరిచేస్తాయి, పక్కన పెట్టేశాను.

అసలు టెన్షన్ మెషిన్‌గన్‌లో పేలినవాటితోనే. ఆ గన్ ఛాంబర్ (తూటా కూర్చునే గది) వదులుగా ఉంటుంది కాబట్టి షెల్ అడుగుకు కాస్త పైన సాగి పలచబడుతుంది. కొన వంచిన పేపర్ క్లిప్‌ను లోపలి గోడ వెంబడి లాగితే గాడి చేతికి తెలుస్తుంది. తగిలినవన్నీ తుక్కులోకే, మొహమాటం లేదు.

ప్రైమర్ కదలకుండా దాని చుట్టూ నొక్కిన అంచును (క్రింప్) స్వేజింగ్ టూల్‌తో ఒత్తి తీశాను. విసుగు పని, కానీ ఒక్కో షెల్‌కి ఒక్కసారే. సైజింగ్ (షెల్‌ను అచ్చులో నొక్కి అసలు కొలతకు తేవడం) అయ్యాక పొడవు 2.015 అంగుళాలు దాటినవాటిని 2.005కి కత్తిరించాను.

ఈ బ్రాస్ గోడలు సాధారణంగా మందం, లోపల చోటు తక్కువ, ఒత్తిడి ఎక్కువ. అందుకే మామూలు .308 షెల్స్‌కి (ఇదే తూటాకి దగ్గరి పౌర రకం) వాడే మందు కొలత వీటికి వాడను. రీలోడింగ్ మాన్యువల్‌లోని ప్రారంభ కొలత నుంచే మొదలుపెడుతున్నాను.