సూర్యోఢుడు ఎవరు? “కాలే ప్రాప్తస్త్వకాలే వా”

అక్షరప్రియ: మనుస్మృతి మూడో అధ్యాయం శ్లోకం సగమే నోటికొస్తోంది: “అప్రణోద్యోఽతిథిః సాయం సూర్యో...”, తర్వాత “కాలే ప్రాప్తస్త్వకాలే వా”. “సూర్యోడో” అని చదివితే అన్వయం కుదరడం లేదు. ఆరింటికి రమ్మంటే ఏడున్నరకు వచ్చేవారికీ ఈ “అకాలే వా” (వేళ కాని వేళ వచ్చినా సరే) వర్తిస్తుందా?

నిఘంటువు: ఒత్తు పోయిందండీ. సూర్యోఢో. సూర్య + ఊఢ, గుణసంధి. నవోఢ (కొత్త పెళ్ళికూతురు)లోని ఊఢే ఇది, మోసుకురాబడినది అని. పొద్దు మోసుకొచ్చి గుమ్మంలో దింపినవాడు. వెళ్ళగొట్టకూడనివాడు గనక అప్రణోద్యుడు.

యతిమైత్రి: ఏ పొద్దు అన్నది చెప్పలేదు మీరు. పక్కనే “సాయం” ఉంది, కుంకే పొద్దు. చివర “నాస్యానశ్నన్ గృహే వసేత్”, పస్తుతో ఉండనివ్వకూడదని. కాబట్టి కాలే అంటే భోజనవేళ, అకాలే అంటే వంటిల్లు సర్దేశాక. గడియారంతో పనిలేదు.

గోదోహం: గడువు మాత్రం ఉంది. విష్ణుపురాణం గృహస్థును “గోదోహమాత్రం”, అంటే ఆవును పితికేంతసేపు, అతిథి కోసం వాకిట్లో నిలబడమంది. “తదూర్ధ్వం వా యథేచ్ఛయా”: ఆపైన అతని ఇష్టం.

నిఘంటువు: అదంతా పిలవకుండా వచ్చే అతిథి గురించి. ఆహ్వానితుడు వేళ తెలిసి వస్తాడు, అతనికి ఈ శ్లోకం అండ కాదు. పిలుపులోనూ స్పష్టత ఉండాలి. “ఆరింటికి” అంటే మొదలయ్యే వేళ, “ఆరు నుంచి తొమ్మిది వరకు” అంటే నడుమ ఎప్పుడైనా. ఐదున్నరకే దిగడం ఇంకా ఇబ్బంది, ఇల్లు సర్దడం ఆపి పలకరించాలి.

యతిమైత్రి: వేళ తప్పిన ఆతిథ్యమంటే కృష్ణదేవరాయలవారి ఆముక్తమాల్యదలోని విష్ణుచిత్తుడిదే. “ఆ నిష్ఠానిధి గేహసీమ నడురే యాలించినన్”! కూరలు ఎక్కువ లేవు, వేడి లేదు, దయచేసి తినండి అనే మాటలు నడిరేయి వినబడతాయి. “నాస్త్యుష్ణతా” (వేడి లేదు) ఒక్కటి చాలు, పొయ్యి ఆరి ఎంతసేపయిందో తెలియడానికి.

గోదోహం: అక్కడ “రే యాలించినన్” అంటే రేయి + ఆలించినన్ కదా?

యతిమైత్రి: రేయి ఏమ్యాదుల్లో (ఏమి, మఱి వంటి పదాల జాబితాలో) లేదండీ, చివరి ఇకారం పోయే ఇత్వసంధి ఎలా చెబుతారు? రే + ఆలించినన్, నడుమ య్ వచ్చి చేరే యడాగమం. రేరాజు, రేచీకటి ఉండనే ఉన్నాయి.

నిఘంటువు: అవి సమాసంలో మొదటి పదాలు. ఇక్కడ రే చివర ఉంది. యతి కూడా తేల్చదు, పాదం మొదటి ఆ-కు ఈ యా-తో మైత్రి రెండు విధాలా చెల్లుతుంది.

గోదోహం: నడురేయా, నడిరేయా? ముందు అది తేల్చండి.