'నీ పిల్లలు'ఆ, 'నా పిల్లలు'ఆ? రాయబారం పద్యంలో ఒక్క అక్షరం

గోదారిగట్టు: తిరుపతి వేంకట కవుల నాటకంలో, పాండవుల రాయబారిగా కౌరవ సభకు వెళ్లిన కృష్ణుడి పద్యం 'చెల్లియో చెల్లకో' నిన్న రాత్రి నుంచి నాలుక మీదే ఆడుతోంది. 'దూతగ బంపిరి సంధి సేయ' దాకా వచ్చి ఆగిపోతున్నా. తర్వాత 'నీ పిల్లలు పాపలున్' అనా, 'నా' అనా? మా ఊరి తిరునాళ్లలో కృష్ణుడు 'నా' అన్నట్టే గుర్తు. ఇంకోటి, యుద్ధం తప్పదని మనకు తెలుసు, కౌరవ సభకు తెలియదు. చూసేవాళ్లకు మాత్రమే తగిలే ఇలాంటి మాటను మన లాక్షణికులు ఏమన్నారు?

పద్యప్రియ: 'నీ' అండి. సందేహమే లేదు.

ప్రాసయతి: ఛందస్సు మాత్రం తేల్చదు. ఈ పద్యం ఉత్పలమాల వృత్తం, దాని పాదం చివర గురువు (దీర్ఘంగా పలికే అక్షరం) కావాలి, 'నీ' అయినా 'నా' అయినా సరిపోతుంది. ప్రాస, అంటే ప్రతి పాదంలో రెండో అక్షరం కలవడం, బిగించింది 'పిల్లలు', 'యెల్లి' (రేపు) మాటల్నే. 'రేపు'కు చోటు లేనిది అందుకే. ఇక అర్థమే దిక్కు. రాయబారి ఎదుటివాడి సభలో 'నా పిల్లలు' అనడు.

హార్మోనియం: ఆ గురువులోనే ఉంది కిటుకంతా. పాదం చివర కాబట్టి నటుడు అక్కడ రాగం తీస్తాడు. 'నీ...' అని ధృతరాష్ట్రుడి వైపు ఎత్తుకుని, రాగం ముగిసేసరికి దుర్యోధనుడి ముందు నిలబడ్డ కృష్ణుణ్ణి చూశాను. పద్యం చివరి 'కౌరవేశ్వరా' ఇద్దరికీ సరిపోతుంది కదా. 'పిల్లలు పాపలు' ముసలిరాజుకు తగులుతుంది, చివరి పాదంలోని 'రణంబె' (యుద్ధమే) కొడుక్కి.

గోదారిగట్టు: అయితే పతాకాస్థానకం అనొచ్చా? అదే, ఒక సందర్భంలో అన్న మాట రాబోయేదాన్ని సూచించడం.

అలంకారశాల: అనలేం. దానికి వేణీసంహారం అనే సంస్కృత నాటకం రెండో అంకం చూడాలి. దుర్యోధనుడు భానుమతిని తన తొడల మీద కూర్చోమంటుండగా కంచుకి (అంతఃపుర సేవకుడు) వచ్చి 'భగ్నం భగ్నం' (విరిగింది విరిగింది) అంటాడు. గాలికి విరిగింది రథం జెండా, మనకు వినబడేది తొడలు. అక్కడ మాట అనుకోకుండా వచ్చి పడింది. ఇక్కడ కృష్ణుడు తెలిసే అంటున్నాడు.

పద్యప్రియ: ఈ జంటకవుల్లో తిరుపతిశాస్త్రిగారు 1920లో పోయాక కూడా రెండోవారైన చెళ్లపిళ్లవారు జంటపేరుతోనే రాశారు. ఆ 'నీ' ముందు ఎవరి నోట వచ్చిందో అనుకుంటేనే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ప్రాసయతి: పాండవులు తమకు చేసిన కీడును ఓర్చుకున్నారని చెప్పే మొదటి పాదంలో 'చెల్లకో'ను అందరూ 'చేతకాకో' అని వదిలేస్తున్నారు. చెల్లడమంటే తగడం కూడా. ఓర్చుకోవడం తగునో తగదో, ఆ తీర్పు కృష్ణుడు చెప్పకుండా ఆపాడు.

హార్మోనియం: ఒప్పుకోనండి. 'చేతకాకో' అంటేనే పద్యం నిలబడుతుంది. భీముడికి చేతకాదేమో అని వినగానే దుర్యోధనుడు మీసం దువ్వుతాడు. ముందున్నది తెలిసిన మనకు గుండె ఝల్లుమంటుంది.

గోదారిగట్టు: నాన్నగారి పుస్తకం అటక మీద ఉంది. ఆదివారం దించి, ఆ పద్యం పైన ఎవరి వైపు తిరిగి అన్నట్టు ఉందో చూసి చెప్తా.