విల్లు పొరలు విడిపోతున్నాయి, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. విశాఖలో ఎంవీపీ కాలనీలో ఉంటాను. మేడ మీద ఖాళీ గదిలో మూడు నెలలుగా ఒక విల్లు తయారు చేస్తున్నాను. బయటి వైపు, అంటే లాగినప్పుడు సాగే వైపు, వెదురు బద్ద. లోపలివైపు రెండు టేకు పొరలు, ఒక్కోటి 3 మిల్లీమీటర్లు. పొడవు 64 అంగుళాలు. లాగడానికి 30 పౌండ్ల బలం పట్టేలా ఉంటే చాలు, వేటకేం కాదు.

మొదటిది మామూలు తెల్ల ఫెవికాల్‌తో అతికించాను. అది నా తప్పే, వంపులో జారిపోయింది. రెండోసారి ఎపాక్సీ వాడాను. క్లాంపులు నాలుగే ఉంటే మిగతా చోట్ల పాత సైకిల్ ట్యూబు చీల్చి గట్టిగా చుట్టాను. ఒక రోజు ఆరనిచ్చి నారి కట్టి మెల్లగా లాగుతుంటే, 20 అంగుళాల దగ్గర టక్‌మని శబ్దం. కింది కొమ్మలో, అంటే విల్లు పిడికి కింద వంగే భాగంలో, వెదురుకీ టేకుకీ మధ్య గోరు దూరేంత సందు! చూస్తే టేకు వైపు జిగురు అసలు పట్టనే లేదు, అద్దంలా నున్నగా ఉంది.

నా అనుమానాలు: టేకులో నూనె ఉంటుంది కాబట్టి అతికించే ముందు అసిటోన్‌తో తుడవాలా? లేక ట్యూబు మరీ బిగించడంతో జిగురంతా బయటికి పోయిందా? ఎపాక్సీకి ఒత్తిడి ఎక్కువ అక్కర్లేదంటారు కదా. పైగా మన సముద్రపు గాలి, చెక్క ఎంత ఎండబెట్టినా రెండ్రోజుల్లో మళ్లీ చెమ్మ లాగేస్తుంది. మీరు ఎలా ఆరబెడతారు?

టేకు మానేసి వేరే చెక్క వాడమన్నా సరే, ఇక్కడి అడితుల్లో దొరికేది చెప్పండి. విడిపోయిన కొమ్మను మళ్లీ అతికించి లాగొచ్చా, లాగితే మొహం మీదికి పేలుతుందా? మా ఆవిడ ఇప్పటికే హెల్మెట్ పెట్టుకోమంటోంది.