నోటి ఈలతో ఐరిష్ జిగ్: రోల్ దగ్గర స్వరం జారిపోతోంది, సహాయం కావాలి

డబ్లిన్ నివాసి:
సాయంత్రం నుంచి ఇదే పని మీద కూర్చున్నాను. పెదవులు తిమ్మిరెక్కాయి తప్ప ఫలితం లేదు. ట్యూను బాగానే పలుకుతోంది కాని, రోల్ (ఒకే స్వరాన్ని పై, కింది స్వరాల తాకుడుతో విడగొట్టే అలంకారం) వచ్చిన ప్రతిచోటా అంబులెన్స్ సైరన్ లాగా సాగిపోతోంది. టిన్ విజిల్ (రేకు పిల్లనగ్రోవి) పాఠాల్లో చెప్పినట్టే పై స్వరాన్నీ కింది స్వరాన్నీ తాకుతున్నాను. నెమ్మదిగా వేసినా ఇదే తంతు. ఎక్కడ లోపమో దయచేసి చెప్పండి.

ముక్తసరి:
ఏ ట్యూను? ఏ స్వరం మీద? పెదవులతోనా, నాలుకను అంగిలికి ఆనించా? ఇవేవీ చెప్పకపోతే సమాధానం ఎలా వస్తుంది?

డబ్లిన్ నివాసి:
పెదవులతోనేనండి, ఈల అంటే అదే కదా అని రాయలేదు. ట్యూను కెష్ జిగ్, అదే, ఐరిష్ నాట్యపు బాణీ. మొట్టమొదటి స్వరం దగ్గరే ఆగిపోయాను.

గమకప్రియ:
ఇందులో కొత్తేముందండి? పై స్వరాన్ని తాకడం మన కర్ణాటక గమకాల్లో ప్రత్యాహతం, కింది స్వరాన్ని తాకడం స్ఫురితం. ఈలపాట రఘురామయ్య గారు నాటకాల్లో కృష్ణ వేషం కట్టి ఈలతోనే రాగాలు పలికించారు. ముందు జంట స్వరాలు (సస రిరి గగ) సాధన చేయండి, రోల్ దానంతట అదే వస్తుంది.

విజిల్ అభ్యాసి:
గమకప్రియ గారితో నేను ఏకీభవించలేను. గమకంలో అనుస్వరానికి, అంటే అలా తాకే స్వరానికి, ఒక స్థానం ఉంటుంది, అది చెవికి అందాలి. ఐరిష్ కట్‌లో, అంటే రోల్‌లో పై స్వరాన్ని తాకేచోట, ఆ స్వరం ఏదన్నది దాదాపు అప్రస్తుతం. ఒకే స్వరాన్ని రెండుగా నరకడమే దాని పని. టిన్ విజిల్‌పై వేలిని రెప్పపాటు ఎత్తి దించితే చాలు. పెదవుల ఈలలో స్వరాన్ని మార్చేది నాలుక. అది ముందుకూ వెనక్కూ కదిలి నోటిలోని ఖాళీని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది కనుక, ఒక స్వరం నుంచి మరో స్వరానికి దూకలేదు, జారుతుంది. మీకు వినిపిస్తున్నది ఆ జారుడే.

కెష్ జిగ్ ఆరంభాన్ని మన స్వరాల్లో రాస్తే స,, సరిగ రి,, రిగప అవుతుంది. ఆ మొదటి మూడక్షరాల షడ్జంలోనే దీర్ఘ రోల్ ఇమడాలి. కట్‌నూ ట్యాప్‌నూ (కింది స్వరపు తాకుడు) పక్కన పెట్టి, ముందు స-స-స అని మూడు విడి షడ్జాలు వేయండి. మధ్యలో నాలుకతో కాకుండా, దగ్గబోయే ముందు పట్టినట్టుగా గొంతులోనే గాలిని ఆపండి. తిశ్ర నడక (దెబ్బకు మూడక్షరాలు) స్థిరపడ్డాక రెండో షడ్జం మొదట్లో నాలుకను కొద్దిగా పైకీ, మూడోదాని మొదట్లో కొద్దిగా కిందికీ అదిలించండి. స్వరాన్ని చేరుకోవాలని చూడవద్దు. ఎందుకంటే నిమిషానికి 120 దెబ్బల వేగంతో వేస్తే రోల్ మొత్తానికి దొరికేది అర సెకను.

పైపుల పిచ్చి:
అసలు ఈ అలంకారాలు ఎందుకు పుట్టాయో ఆలోచించారా? బ్యాగ్‌పైపుల్లో సంచి నుంచి గాలి నిరంతరం వస్తూ ఉంటుంది, నాలుకతో ఆపే వీలు లేదు. అందుకే ఒకే స్వరం రెండుసార్లు పలకాలంటే మధ్యలో మరో స్వరం దూర్చవలసి వస్తుంది. అట్టడుగు స్వరానికి కింద ట్యాప్ కొట్టడానికి రంధ్రమే ఉండదు కనుక కట్‌లనే వరుసగా పేర్చి క్రాన్ అన్నారు. నోటితో గాలి ఆపగలిగిన మనిషికి ఈ బెడద దేనికి?

విజిల్ అభ్యాసి:
ఆ లెక్కన ఫిడేలుకూ అవసరం లేదు. అయినా ఫిడేలు వాయించేవారు రోల్స్ వేస్తూనే ఉన్నారు. 1951లో ఐర్లండ్‌లోని మలింగర్‌లో మొదలైన ఫ్లా క్యోల్ అనే ఐరిష్ సంగీత ఉత్సవపు పోటీల్లో ఇప్పుడు నోటి ఈలకు విడిగా ఒక విభాగం ఉంది, లిల్టింగ్‌కు మరొకటి. లిల్టింగ్ అంటే అర్థంలేని పలుకులతో ట్యూనును నోటితో పాడడం. ఈల వేసే ముందు ఆ రోల్‌ను అలా పలికి చూడడం చాలా మంచి సాధన.

గమకప్రియ:
అంటే మన నాట్యంలో నోటితో పలికే సొల్లుకట్టు అన్నమాట.

ముక్తసరి:
అన్నీ మనవేనా?

డబ్లిన్ నివాసి:
గొంతులో ఆపితే రెండో షడ్జం తెగుతోంది, మూడోది ఇంకా జారుతోంది. ఊపిరి లోపలికి పీలుస్తూ వేసేటప్పుడు మాత్రం గొంతు అసలు పట్టడం లేదు. దానికేమైనా ఉపాయం ఉందా? ఏదేమైనా అందరికీ ధన్యవాదాలు.

పైపుల పిచ్చి:
క్రాన్ గురించి నేనడిగినదానికి ఇంకా ఎవరూ బదులు చెప్పలేదు.