ఒడిశాలోని బరంపురం ఎంపీ సీటులో తెలుగు ఓటు: బలమా, భ్రమా? (ఆన్‌లైన్ చర్చ; ప్రతి మాట ముందు ఉన్నది రాసినవారి మారుపేరు)

పట్టుచీరల వీధి:
మొన్న ఒక పెళ్లి భోజనాల దగ్గర పెద్దాయన ఒకరు గట్టిగానే అన్నారు, "మనం పట్టుబడితే బరంపురం ఎంపీ మన చేతిలో ఉంటాడు. పీవీని గెలిపించింది ఎవరనుకున్నావ్?" అని. 1996లో పీవీ నరసింహారావు గారు నంద్యాలలోనూ బరంపురంలోనూ గెలిచి, నంద్యాల వదులుకుని మన సీటు ఉంచుకున్న మాట నిజమే. మరి ఆ తర్వాత? 1998లో జయంతీ పట్నాయక్, 1999లో అనాది సాహు, 2004లో చంద్రశేఖర్ సాహు, 2009లోనూ 2014లోనూ సినిమా నటుడు సిద్ధాంత్ మహాపాత్ర, 2019లో మళ్లీ చంద్రశేఖర్ సాహు, 2024లో ప్రదీప్ పాణిగ్రాహి. ఇందులో తెలుగు ఓటు ఎక్కడ పనిచేసిందో ఎవరైనా చెప్పండి. 2026 తర్వాత వచ్చే జనాభా లెక్కలతో నియోజకవర్గాలు మళ్లీ గీస్తారు కదా, అప్పుడు ఆంధ్రా సరిహద్దులోని పర్లాకిమిడి మన సీటులోనే ఉండాలని అడగాలా, వద్దా?

గోపాల్‌పూర్ గాలి:
పీవీ పేరెత్తితే రామ్‌టెక్ గురించి కూడా చెప్పుకోవాలి. 1984లో ఆయన హనుమకొండలో ఓడిపోయారు. అదే ఎన్నికల్లో నాగపూర్ పక్కనున్న రామ్‌టెక్‌లో గెలిచారు. 1989లో మళ్లీ అక్కడే. అక్కడ ఆయన్ని తెలుగువాళ్లు గెలిపించారా? పార్టీకి గట్టి సీటు చూసుకుని నిలబడ్డారు, అంతే. బరంపురమూ అలాంటిదే. 1977లో దేశంలో కాంగ్రెస్ ఓడిపోయినా ఇక్కడ జగన్నాథరావు గారు గెలిచారు. 80లో, 84లో కూడా ఆయనే. 89, 91లో పర్లాకిమిడి రాజవంశం నుంచి గోపీనాథ గజపతి, అదీ కాంగ్రెస్సే. పైగా 96లో భువనేశ్వర్‌లో జె.బి. పట్నాయక్ ప్రభుత్వం. ఇంత అండ ఉన్న చోట ప్రధానిని నిలబెడితే ఓడిపోతారా?

ఇంకా చిత్రం చూడండి. 2019లో బీజేపీ తరఫున ఓడిన భృగు బక్షిపాత్ర 2024లో బీజేడీ (బిజూ జనతా దళ్) తరఫున నిలబడి మళ్లీ ఓడారు. చంద్రశేఖర్ సాహు ఒకసారి కాంగ్రెస్‌లో, ఇంకోసారి బీజేడీలో గెలిచారు. ఇక్కడ గెలిపించేది గాలి. భాష కాదు.

మహేంద్రతనయ ఒడ్డు:
మాష్టారూ, రామ్‌టెక్ లాజిక్ బాగానే ఉంది. కానీ ఆ "గట్టి సీటు" ఎవరి ఓట్లతో గట్టిపడింది? మా పర్లాకిమిడి అసెంబ్లీకి రండి. 2009లో బీజేడీ నుంచి కె. నారాయణరావు, 2014లో కాంగ్రెస్ నుంచి కె. సూర్యారావు, 2019లో బీజేపీ నుంచి మళ్లీ నారాయణరావు. పార్టీ ఏదైనా ఆ రావులు లేకుండా ఇక్కడ ఎన్నిక నడవలేదు. కాబట్టి తెలుగు ఓటు ఉంది. ఎంపీ సీటు దగ్గరికొచ్చేసరికి పలచబడిపోతుంది, ఎందుకంటే సీటు గీసిన తీరు అలాంటిది. గంజాం జిల్లా నుంచి ఛత్రపురం, గోపాల్‌పూర్, బరంపురం, దిగపహండి, చికిటి. గజపతి జిల్లా నుంచి మోహన, పర్లాకిమిడి. మొత్తం ఏడు. ఛత్రపురం ఎస్సీలకు, సవరలు ఎక్కువగా ఉన్న మోహన ఎస్టీలకు రిజర్వుడు.

ఇక మా బాధ వినండి. ఆంధ్రాలోని పాతపట్నం మాకు పక్కూరు. ఒంట్లో బాగాలేకపోతే శ్రీకాకుళమో విశాఖపట్నమో పోతాం. మా ఎంపీని కలవాలంటే మాత్రం మోహన మీదుగా ఘాటీలు దిగి బరంపురం రావాలి. ఘాటీ వద్దనుకుంటే ఆంధ్రాలోకి దిగి, పలాస, ఇచ్ఛాపురం దాటి మళ్లీ ఒడిశాలోకి రావాలి. సొంత ఎంపీ దగ్గరికి పక్క రాష్ట్రం గుండా! 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మా రాజుగారు కృష్ణచంద్ర గజపతి పట్టుబట్టి ఊరిని ఇటు తెచ్చారు, జమీందారీలో మిగతాది మద్రాసులో ఉండిపోయింది. రైలుబండి కూడా నౌపడా నుంచి మా ఊరి మీదుగా గుణుపురం పోతుంది, బరంపురం పోవాలన్నా ఆంధ్రాలోని నౌపడా తిరిగే పోవాలి. నన్నడిగితే గుణుపురం ఉన్న కొరాపుట్ సీటులో కలిపినా ఫర్వాలేదు.

సైకిల్ బెల్లు:
కొరాపుట్ ఎస్టీ రిజర్వుడు సీటు బాబూ. అక్కడికి పోతే నీ రావులకి టికెట్టే ఉండదు 😀

చికిటి చింతచెట్టు:
బెల్లు గారు ఒక్క ముక్కలో తేల్చేశారు.

నా అనుభవం వేరు. బూత్ దగ్గర ఏజెంటుగా కూర్చున్నాను. స్లిప్పు ఒడియాలో, జాబితా ఒడియాలో. ముసలమ్మ వచ్చి "నాయనా, నా పేరు ఇందులో ఎక్కడుంది?" అంటుంది. అప్పలనరసమ్మ పేరు ఒడియాలో రాసేసరికి సగం ఎగిరిపోయింది, దాన్ని వెతకడానికే పది నిమిషాలు. అభ్యర్థి పేరు చదవదు, గుర్తు చూసి నొక్కుతుంది. ఎమ్మెల్యేకి ఎవరికి వేశావంటే "మనవాడికి" అంటుంది. ఎంపీకి అంటే "ఆ ఇంకో మిషనా? అదేదో నొక్కాను" అంటుంది. ఒకే రోజు రెండు ఓట్లున్న చోట తెలుగు ఓటంటే అదీ.

పైగా 2019లోనూ 2024లోనూ మనకీ ఆంధ్రాకీ ఒకే రోజు పోలింగ్. ఇచ్ఛాపురంలో కూడా ఓటున్నవాళ్లు ఏ గట్టు దిగారో అందరికీ తెలుసు. రెండు చోట్ల పేరుండటమే చట్టం ఒప్పుకోదు, అది వేరే గొడవ.

పట్టుచీరల వీధి:
మరి దేవాంగులు, కళింగ కోమట్లు, గోపాల్‌పూర్ మత్స్యకారులు... అందరం తెలుగే కదా, ఒక్కటైతే?

గోపాల్‌పూర్ గాలి:
ఎప్పుడయ్యాం? మగ్గం వాడికి నూలు ధర, వేటగాడికి బోటు, కోమటికి జీఎస్టీ. ఇంట్లో ఒకే భాష, ఓటు దగ్గర ఎవడి లెక్క వాడిది. అందులో తప్పేమీ లేదు.

ఇక పునర్విభజన సంగతి. గత విభజన 2002 చట్టం ప్రకారం 2001 జనాభా లెక్కలతో జరిగింది. ఆ చట్టంలో చూసుకోమన్నవి భూభాగం కలిసి ఉండటం, పాలనా సరిహద్దులు, రాకపోకలు, ప్రజల సౌకర్యం. భాష అన్న మాటే లేదు. కాబట్టి "తెలుగువాళ్లం, కలపండి" అని అర్జీ పెడితే పక్కన పడేస్తారు. "ఎంపీ దగ్గరికి పక్క రాష్ట్రం గుండా పోతున్నాం" అని రాస్తే కనీసం చదువుతారు. ముసాయిదా వేశాక అభ్యంతరాలు తీసుకుంటారు, బహిరంగంగా కూర్చుని వింటారు కూడా.

మహేంద్రతనయ ఒడ్డు:
ఆ అర్జీ ఒడియాలో మంచిగా రాసేవాళ్లు కావాలి. నా ఒడియా బజారు ఒడియా.

చికిటి చింతచెట్టు:
నేను రాసి పెడతాను. కానీ బరంపురంలో ఉంచమని రాయాలా, తీసెయ్యమని రాయాలా? ముందు మీరు పర్లాకిమిడి వాళ్లు కూర్చుని తేల్చుకోండి.