100 గ్రాములు ఎక్కువైతే ముందురోజు గెలుపు కూడా పోవాలా?

కుస్తీపిచ్చి
రెజ్లర్ వినేశ్ ఫోగట్ రిటైర్మెంట్ వెనక్కి తీసుకుంటున్నానని, 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ మీద దృష్టి పెట్టానని 2025 డిసెంబరులో చెప్పింది. అప్పటి నుంచి మా ఇంట్లో పాత గొడవ మళ్లీ రాజుకుంది. మా అన్నయ్యది ఒకటే మాట, రూలు రూలే. నేను ఒప్పుకోను.

కొత్తవాళ్ల కోసం జరిగింది చెప్తాను. 2024 ఆగస్టు 6, పారిస్, మహిళల ఫ్రీస్టైల్ 50 కిలోలు. పొద్దున కాటా ఎక్కితే 49.9. మొదటి బౌట్‌లోనే జపాన్ అమ్మాయి యుయి సుసాకి ఎదురైంది. టోక్యోలో స్వర్ణం గెలిచిన మనిషి, అప్పటిదాకా అంతర్జాతీయ పోటీల్లో ఓటమే ఎరగదు. 0-2తో వెనకబడి, ఆఖరి సెకన్లలో సుసాకిని పడగొట్టి 3-2తో గెలిచింది వినేశ్. తర్వాత ఉక్రెయిన్ లివాచ్ మీద 7-5, సెమీస్‌లో క్యూబా గుజ్మాన్ మీద 5-0. ఒలింపిక్స్ ఫైనల్ చేరిన మొదటి భారత మహిళా రెజ్లర్. మర్నాడు పొద్దున 50 కిలోల 100 గ్రాములు. ఫైనల్ పోయింది, రజతం పోయింది, పట్టికలో చిట్టచివర పేరు.

ఫైనల్ ఆడనివ్వకపోవడం నాకూ సమ్మతమే. కానీ ముందురోజు సరైన బరువుతో గెలిచిన మూడు బౌట్లు ఏ లెక్కన చెల్లకుండా పోయాయి?

పీఈటీ మాస్టారు
బాబూ, ముప్పై ఏళ్లు పిల్లల్ని ఆడించినవాడిగా చెప్తున్నాను, మీ అన్నయ్యదే సరైన మాట. 2018 నుంచి ఒక్కో వెయిట్ పోటీ రెండు రోజులు జరుగుతోంది, రెండు రోజులూ పొద్దున్నే కాటా ఎక్కాలి. రెండోరోజు ఎక్కువ తూగితే పోటీ నుంచి తొలగించి చివరి స్థానం ఇస్తారని నిబంధనల్లో 11వ ఆర్టికల్ చెప్తోంది. ఇది వినేశ్ కోసం ఆ రాత్రి పుట్టించిన రూలు కాదు కదా. మిగతా అమ్మాయిలు కూడా అదే కడుపు మాడ్చుకుని 50 దగ్గర నిలబడ్డారు. 100 గ్రాములు వదిలేస్తే రేపు 200 అంటారు, ఎల్లుండి అరకిలో అంటారు.

క్రీడల మధ్యవర్తిత్వ కోర్టుకు వెళ్తే ఏమైంది? ఆగస్టు 14న అప్పీలు కొట్టేశారు.

కుస్తీపిచ్చి
మాస్టారూ, కొట్టేశారు నిజమే, తీర్పు లోపల ఏముందో కూడా చూడండి. వినేశ్ ఏ తప్పుడు పనీ చేయలేదని, అయినా శిక్ష మాత్రం మరీ కఠినంగా ఉందని ఆ మధ్యవర్తి అనబెల్ బెనెట్ స్వయంగా రాశారు. రూలు మార్చే అధికారం తనకు లేదు కాబట్టి అప్పీలు నిలవలేదు. రూలు న్యాయంగా ఉందని ఆవిడ కూడా అనలేదు.

ఇంకో సంగతి. వినేశ్ చేతిలో 0-5తో ఓడిన గుజ్మాన్ ఫైనల్ ఆడి, అమెరికా సారా హిల్డెబ్రాంట్ చేతిలో ఓడి రజతంతో ఇంటికెళ్లింది. ఆ అమ్మాయిని తప్పుపట్టట్లేదు. కానీ ఓడినవాళ్లకు పతకం, గెలిచినవాళ్లకు చిట్టచివరి స్థానం!

దారినపోయే దానయ్య
ఇప్పుడు హర్యానాలో జులానా ఎమ్మెల్యే గదా, పతకం ఎందుకు ఇంకా 😀

కుస్తీపిచ్చి
దానయ్య గారూ, రాజకీయాలకు వేరే చోటు చూసుకోండి. ఎమ్మెల్యే అయింది 2024 అక్టోబరులో, కాటా ఎక్కింది ఆగస్టులో.

ఇందూరు పిల్ల
నేను జిల్లా స్థాయిలో బాక్సింగ్ ఆడినదాన్ని, అందుకే ఈ టాపిక్ చూస్తే ఊరుకోలేను. మాస్టారూ, మీరన్న "కడుపు మాడ్చుకోవడం" ఎలా ఉంటుందో ఒక్కసారి వినండి.

48 కిలోల్లో ఆడేదాన్ని, మామూలు రోజుల్లో 51 ఉండేదాన్ని. పోటీకి ముందురోజు ప్లాస్టిక్ రెయిన్‌కోటు వేసుకుని ఎండలో పరుగు. నీళ్లు నోట్లో పోసుకుని పుక్కిలించి ఊసేయడం, మింగితే ఆ బరువు కాటా మీద కనబడుతుంది. ఒకసారి అట్లే కళ్లు తిరిగి పడిపోయా. మా కోచ్ మొదట అడిగింది "ఇప్పుడు ఎంత ఉన్నావ్?" అని. బతికున్నావా అని కాదు.

మా నిజామాబాద్ అక్క నిఖత్ జరీన్ కూడా పారిస్‌లో 50 కిలోల్లోనే ఆడింది. 2022లో ప్రపంచ టైటిల్ గెలిచింది 52లో, ఆ బరువు ఒలింపిక్స్‌లో లేదు. బరువు కోసం పోటీకి ముందు రెండు రోజులు ఏమీ తినలేదని, చైనా వూ యూ చేతిలో ఓడాక చెప్పుకుంది పాపం. ఇక వినేశ్ విషయం. 6వ తారీఖు మూడు బౌట్లు ఆడింది, మధ్యలో నీళ్లు, కొంచెం తిండి తప్పదు, లేకపోతే మ్యాట్ మీదే కూలిపోతుంది. సాయంత్రానికి బరువు 52.7. రాత్రంతా ట్రెడ్‌మిల్, ఆవిరి గది, చివరికి జుట్టు కూడా కత్తిరించారు. ఒక గ్లాసు నీళ్లే 200 గ్రాములు. అందులో సగం దగ్గర ఆగిపోయింది ఆ అమ్మాయి.

పీఈటీ మాస్టారు
అమ్మా, నీ బాధ అర్థమైంది. నేను అడిగేది అదే. మామూలుగా 55, 56 కిలోలుండే మనిషి 50లో ఎందుకు దిగాలి? బరువు చూసుకునే బాధ్యత ఆటగాళ్లది, వాళ్ల కోచ్‌లది అని పీటీ ఉష కూడా అన్నారు గదా.

కుస్తీపిచ్చి
ఎందుకు దిగిందో కెరీర్ చూస్తే తెలుస్తుంది మాస్టారూ. 2014 గ్లాస్గో కామన్వెల్త్‌లో స్వర్ణం 48 కిలోల్లో. రియోలోనూ 48, క్వార్టర్స్‌లో మోకాలు విరిగినంత పనై స్ట్రెచర్ మీద బయటికొచ్చింది. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో 50 కిలోల స్వర్ణం, భారత మహిళా రెజ్లర్లలో అదే మొదటిది. తర్వాత ఒళ్లు పెరిగింది, 53కి మారింది. 2019, 2022 ప్రపంచ పోటీల కాంస్యాలు రెండూ అందులోనే. టోక్యోకి టాప్ సీడ్‌గా వెళ్లింది కూడా 53లోనే, క్వార్టర్స్‌లో ఓడింది.

2023లో ఏమైంది? జనవరిలో ఒకసారి, ఏప్రిల్ నుంచి మళ్లీ జంతర్ మంతర్ దగ్గర రోడ్డు మీద కూర్చుంది, రెజ్లింగ్ సమాఖ్య అధ్యక్షుడి మీద లైంగిక వేధింపుల ఆరోపణలతో. ఆగస్టులో మోకాలికి ఆపరేషన్. ఆ గ్యాప్‌లో అంతిమ్ పంఘాల్ ప్రపంచ పోటీల్లో కాంస్యం గెలిచి దేశానికి 53 కోటా (ఒలింపిక్స్ బెర్తు) తెచ్చింది. ఆ దారి మూసుకుపోయినట్టే. ఒలింపిక్స్‌లో మహిళలకు ఉన్నవి ఆరే బరువులు: 50, 53, 57, 62, 68, 76. 2024 మార్చిలో పటియాలా ట్రయల్స్‌కి రెండు బరువుల్లోనూ దిగింది. 53లో 0-10తో ఓడింది, 50లో గెలిచింది. ఏప్రిల్‌లో బిష్కెక్ వెళ్లి కోటా తెచ్చుకుంది. ఇంకేం చేయాలి చెప్పండి.

పీఈటీ మాస్టారు
57 ఉంది గదా.

ఇందూరు పిల్ల
57లో ఆడేవాళ్లు బయట 60 దాటి ఉంటారు మాస్టారూ. అక్కడ 55 కిలోల మనిషిని ఎత్తి అవతల పడేస్తారు.

చికాగో బాబాయ్
ఆలస్యంగా వచ్చాను, క్షమించాలి. మావాడు ఇక్కడ హైస్కూల్లో కుస్తీ ఆడతాడు. ఇక్కడి స్కూలు రూల్స్‌లో వరసగా రెండో రోజు పోటీ ఉంటే ఒక పౌండు అదనంగా ఇస్తారు, అంటే దాదాపు 450 గ్రాములు. పదహారేళ్ల పిల్లలకే ఆ మాత్రం దయ ఉంది. రూలు చచ్చిపోయిందా? లేదు. మాస్టారు అన్నట్టు "రేపు 200, ఎల్లుండి అరకిలో" కూడా అవ్వలేదు, పౌండు దాటితే వీళ్లూ ఇంటికి పంపేస్తారు.

అంతెందుకు, ప్రపంచ రెజ్లింగ్ సమాఖ్య ర్యాంకింగ్ పోటీల్లో రెండు కిలోల వెసులుబాటు ఉంటుంది. అమెరికా రెజ్లర్ జోర్డన్ బరోస్ అంతటివాడు (2012 లండన్ స్వర్ణం) కూడా రెండోరోజుకి ఒక కిలో వదలాలని, సెమీస్ గెలిస్తే పతకం ఖాయం చేయాలని ప్రతిపాదించాడు.

రూలులో ఇంకో తమాషా ఉంది, ఎవరూ ఎత్తలేదు. మొదటిరోజు బౌట్‌లో దెబ్బ తగిలితే రెండోరోజు కాటా ఎక్కక్కర్లేదు, ఫలితాలు అలాగే ఉంటాయి. దెబ్బ బౌట్ బయట తగిలితే మాత్రం ఎక్కాల్సిందే. సెమీస్‌లోనే "అమ్మో మోకాలు" అని కూలబడి ఉంటే రజతం వచ్చేదేమో.

పీఈటీ మాస్టారు
అంటే దొంగ దెబ్బ నటించాలంటావా?

చికాగో బాబాయ్
వద్దనే అంటున్నాను మాస్టారూ. నటించేవాళ్లకు రజతం దొరికే సందు ఉంచి, నిజాయితీగా కాటా ఎక్కినవాళ్లకు చివరి స్థానం ఇస్తోంది ఆ రూలు. మీరు స్కూల్లో ఇలాంటి రూలు పెట్టేవారా?

పీఈటీ మాస్టారు
...పెట్టేవాణ్ని కాదు. సరే, ముందురోజు ఫలితం ఉంచాలనే వరకు ఒప్పుకుంటాను. కాటా దగ్గర గ్రాములు వదలడానికి మాత్రం నేను రాను. జపాన్ రెయ్ హిగూచి టోక్యో ముందు క్వాలిఫయర్‌లో 50 గ్రాములు ఎక్కువ తూగి అవకాశం పోగొట్టుకున్నాడు. ఏడ్చుకుంటూ కూర్చోలేదు, పారిస్‌లో 57 కిలోల స్వర్ణం కొట్టాడు.

ఇందూరు పిల్ల
ఆ హిగూచే మాస్టారూ, నీ బాధ అందరికంటే నాకే బాగా అర్థమవుతుందని వినేశ్‌కి రాసింది. 🙂

దారినపోయే దానయ్య
సరే గానీ, ఈసారి ఏ బరువులో దిగుతుందంట?

కుస్తీపిచ్చి
అది తేలాలి. 53 అయితే అంతిమ్‌తో తలపడాలి, ఆ అమ్మాయి వినేశ్ కంటే పదేళ్లు చిన్నది. 50 అయితే మళ్లీ అదే రాత్రి.

ఇందూరు పిల్ల
53కే దిగాలి. ఓడినా కడుపునిండా తిని ఓడుతుంది.